నంబరు కలవకపోతే కారు కాకుండా పోతుందా?

పాత కూపే (రెండు తలుపుల కారు) ఒకటి వేలానికి వస్తుంది. బాడీ కడిగిన ముత్యంలా ఉంటుంది, రంగు ఫ్యాక్టరీ వేసిన రంగే. కేటలాగులో కింద ఎక్కడో ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది: ఇంజన్ అసలుది కాదు. అంతే, సగం మంది పాట ఆపేస్తారు. కొత్త ఇంజన్ ఎవరు బిగించారు, దానికోసం ఏం కోశారు, తీసిన ఇంజన్ ఎక్కడుంది? ఇవేవీ ఎవరూ అడగరు. ఇంజన్ బ్లాక్ మీది నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలవలేదు కాబట్టి ధర పడిపోవాల్సిందే. దీన్ని మదింపు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంజన్ మారితే విలువ పోతుందనేవాళ్లు కోబ్రా స్పోర్ట్స్ కారును ఏం చేస్తారు? 1961లో బ్రిస్టల్ తన ఇంజన్ తయారీ ఆపేయడంతో, ఇంగ్లండ్‌లోని ఏసీ కంపెనీ తన ఏస్ కారుకు వేరే ఇంజన్ వెతుక్కోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా మాజీ రేసర్ కారల్ షెల్బీ అందులో ఫోర్డ్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టాడు. అలా పుట్టిన మొదటి కోబ్రా, సీఎస్ఎక్స్ 2000, 2016లో మాంటెరీ వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. అది కూపే కాదు కదా అంటారా? సరే, బ్రిటిష్ కూపే ఎంజీబీ జీటీ తీసుకోండి. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే ఆయన తన వర్క్‌షాపులో ఎంజీబీలకు రోవర్ 3.5 లీటర్ల వీ8 బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. అల్యూమినియం ఇంజన్ కావడంతో, పాత ఇనుప నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో పోలిస్తే బరువులో పెద్ద తేడా రాలేదు. 1973లో ఎంజీబీని తయారుచేసే బ్రిటిష్ లేలాండ్ అదే ఇంజన్‌ను అదే బాడీలో పెట్టి, సొంత మోడల్‌గా ఎంజీబీ జీటీ వీ8ని విడుదల చేసింది. చేసినవి 2,591. ఇంకో సంగతి, ఆ వీ8 రోవర్ సొంత సృష్టి కూడా కాదు, జనరల్ మోటార్స్ బ్యూయిక్ కోసం చేసిన డిజైన్‌ను కొనుక్కున్నది. ఫ్యాక్టరీ బిగిస్తే మోడల్, మెకానిక్ బిగిస్తే లోపమా?

చట్టం కూడా ఇంజన్‌ను కారు ఆత్మగా చూడదు. బ్రిటన్‌లో బాగా మార్పులు చేసిన కారు పాత రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే, 2025 వరకు అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ లెక్కలో 8 పాయింట్లు రావాల్సి ఉండేది. చాసిస్ లేదా బాడీషెల్‌కు 5. సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్స్, స్టీరింగ్ ఒక్కోదానికి 2. ఇంజన్‌కు 1. ఒకటంటే ఒకటే! వేలంశాలలో మాత్రం ఆ ఒక్క పాయింటే మిగతా వాటన్నిటినీ మింగేస్తోంది.

అటువైపు వాదన తెలియంది కాదు. అసలు ఇంజన్ ఒక్కటే ఉంటుంది, పోతే రాదు. ఫెరారీ 250 జీటీఓ లాంటి కారులో వేరే ఇంజన్ పెట్టమని నేనూ అనను. పైగా వేలానికొచ్చే స్వాపుల్లో (ఇంజన్ మార్చిన కార్లలో) పైన పటారం లోన లొటారం బాపతు చాలానే ఉంటాయి. ఒప్పుకుంటాను. అయితే అరుదైన కార్ల కోసం పుట్టిన నియమాన్ని లక్షల్లో తయారైన కూపేలకు తగిలించడం ఎందుకు?

చూడాల్సింది బాడీలోని కోతలను. బాడీషెల్‌కే 5 పాయింట్లని బ్రిటన్ లెక్క చెప్పినప్పుడు, మొదట టార్చిలైటు వేయాల్సింది ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద, గేర్‌బాక్స్‌ను కప్పే టన్నెల్ మీద. వాటిని కోశారా? ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లు పాత రంధ్రాలకే బోల్టులతో బిగించారా, వెల్డింగ్ చేశారా? బోల్టులైతే రేపు వెనక్కి మార్చుకోవచ్చు, అసలు ఇంజన్ పెట్టెలో కారుతోపాటే వస్తుంటే మరీ మంచిది. ఆ తర్వాత మిగతా కారు ఆ శక్తిని మోయగలదా అన్నది. డాట్సన్ 240జెడ్ పుట్టినప్పుడు దాని శక్తి దాదాపు 150 హార్స్‌పవర్. అమెరికా స్పోర్ట్స్ కారు 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 వీ8 ఇంజన్ ఇచ్చేది 345. ఆ ఇంజన్ పెట్టి, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్, బ్రేకులు, రేడియేటర్ పాతవే ఉంచినవాడికి నేను పైసా ఎక్కువ ఇవ్వను. అవన్నీ మార్చి, వైరింగ్ పటం గీసి, బిల్లులు దాచినవాడి కారు నంబరు కలిసిన నీరసపు కారుకంటే ఎక్కువ పలకాలి. కాలిఫోర్నియా లాంటి చోట 1975 తర్వాతి కారైతే స్వాప్‌కు పొగ పరీక్ష ఆమోదం ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే అక్కడ కొన్నది రోడ్డెక్కదు.

నంబరు మోజు చేసిన అసలు నష్టం వేరే ఉంది. పాత కార్వెట్లలో ఇంజన్ బ్లాక్ ముందువైపు కుడిపక్కన చిన్న చదును ఉంటుంది, నంబరు అక్కడే కొడతారు. విలువంతా దానిమీదే ఆధారపడేసరికి, వేరే బ్లాక్ తెచ్చి, చదును అరగదీసి, కావలసిన నంబరు కొట్టే విద్య పుట్టింది. ఆ చదును మీద ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని గీతలు చెరిగిపోయాయా అని నిపుణులు భూతద్దం పట్టుకు చూసే స్థితి వచ్చింది. ఇంజన్ మార్చానని ఎదుటే చెప్పేవాడికి శిక్ష, దొంగ నంబరు కొట్టినవాడికి బహుమతి!

ఈ తిక్క కార్లను ప్రేమించేవాళ్లది కాదు, పెట్టుబడిగా కొనేవాళ్లది. షేరు కొనేవాడికి పోల్చుకోవడానికి ఒక అంకె కావాలి, పనితనం అంకెకు లొంగదు. అందుకే నడిచే వస్తువు గోదాములో దాచే పత్రమైంది. ఓడోమీటర్ తిరిగితే విలువ తగ్గుతుందని కారు తీయకుండా కూర్చున్నవాడికి ఇంజన్ ఏదైతే ఏం?

ఇప్పుడు మోటార్లు, బ్యాటరీల వంతు వచ్చింది. 2017లో జాగ్వార్ స్వయంగా తన పాత ఈ-టైప్ కారులో ఎలక్ట్రిక్ మోటార్, బ్యాటరీ పెట్టి చూపించింది, పాత ఇంజన్, గేర్‌బాక్స్ పట్టే చోట్లలోనే పట్టేలా, కావాలంటే వెనక్కి మార్చుకునేలా. 2019లో పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, ఎలక్ట్రిక్‌కు మార్చినది చారిత్రక వాహనం కాదంది. సరే, చారిత్రకం కాదు. మరి దాని విలువ ఎంత? దానికి ఫీవా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. జవాబు ఉండాల్సింది వేలంసంస్థల దగ్గర. కోసిన చోటుల ఫొటోలు, మౌంట్ల ఫొటోలు, బిల్లుల జాబితా, తీసిన ఇంజన్ నంబరు, అది ఇప్పుడెక్కడుందన్న ఒక వాక్యం. ఇవి వచ్చే కేటలాగు నుంచే అచ్చు వేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.