వేడి సాంబారు కవరు, ఎండలో వాటర్ టిన్ను

పొద్దున్న ఏడింటికి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఏదైనా టిఫిన్ బండి ముందు కాసేపు నిలబడండి. పొయ్యి మీద మరుగుతున్న సాంబారుని గరిటెతో తీసి పల్చటి కవర్లో పోస్తారు. కవరు మెత్తబడి సాగుతుంది, పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మూతికి దారం చుట్టి ఇస్తారు. ఇంటికెళ్లి విప్పేదాకా ఆ వేడి, నూనె, పులుపు ప్లాస్టిక్‌ని నానబెడుతూనే ఉంటాయి. ఆరో నెల కడుపుతో ఉన్న మా అక్క కూతురు వారంలో నాలుగు రోజులు ఈ పార్సిలే తింటోందని తెలిసిన దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

మన ఒంట్లో హార్మోన్లు చాలా తక్కువ మోతాదులోనే పని చేస్తాయి. ప్లాస్టిక్‌లో వాడే కొన్ని రసాయనాలు వాటిలా నటిస్తాయి, చిక్కు కూడా అక్కడే. బిస్ఫినాల్-ఎ అనే రసాయనం ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1936లోనే గుర్తించారు. అయినా తర్వాత దాంతోనే గట్టి ప్లాస్టిక్, రేకు డబ్బాల లోపలి పూత తయారు చేశారు. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లలో కొన్ని మగ హార్మోన్ పనికి అడ్డుపడతాయి. అవి ప్లాస్టిక్‌లో గట్టిగా అతుక్కుని ఉండవు, వేడి, నూనె తగిలితే బయటికొస్తాయి. పెద్దవాళ్ల సంగతి ఎలా ఉన్నా, కడుపులో బిడ్డకి అవయవాలు రూపుకట్టే రోజుల్లో హార్మోన్ల లెక్క తప్పితే దాన్ని తర్వాత సరిచేయడం కష్టం.

ప్రతి కవర్లోనూ ఇవి ఉంటాయని నేననను. మంచి పాలిథిన్‌కి వీటి అవసరమే లేదు. కానీ బండి దగ్గర వేలాడే ఆ కవర్ల కట్ట ఏ పాత ప్లాస్టిక్ కరిగించి చేసిందో బండాయనకీ తెలీదు, మనకీ తెలీదు.

'ఇంత చిన్న మోతాదుకి ఏమవుద్ది' అనేవాళ్లకి ఒక లెక్క. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో బిస్ఫినాల్-ఎ రోజువారీ పరిమితిని ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. 2024 చివర్లో యూరోపియన్ యూనియన్ ఆహారం తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. మన దేశం 2015లో పసిపిల్లల పాలసీసాల వరకే దాన్ని ఆపింది. పాలు తాగే బిడ్డకున్న రక్షణ కడుపులో ఉన్న బిడ్డకి లేదు.

ఉద్దానంలో మరో రకం ఇబ్బంది. కిడ్నీ జబ్బు భయంతో కవిటి, సోంపేట వైపు జనం బోరు నీళ్లు మానేసి టిన్ను నీళ్లు కొంటారు. ఆ జబ్బుకి కారణం ఇంకా ఖాయంగా తేలలేదు, దాన్ని ప్లాస్టిక్‌కి అంటగట్టడం తప్పు. కానీ భయపడి డబ్బు పెట్టి కొన్న నీళ్లు ఆటోలో ఎండకి కాగుతూ వస్తాయి. గీతలు పడి మసకబారిన ఆ టిన్ను పాలీకార్బనేట్‌దైతే, అంటే బిస్ఫినాల్-ఎతో చేసే గట్టి ప్లాస్టిక్‌దైతే, వేడికి బిస్ఫినాల్-ఎ నీళ్లలోకి దిగుతుంది.

ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. బిస్ఫినాల్-ఎ, థాలేట్లు చాలావరకు ఒకట్రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. రోజూ మళ్లీ లోపలికి పంపడం ఆపితే చాలు, ఒంట్లో వాటి మోతాదు పడిపోతుంది. స్టీలు క్యారేజీ ఇచ్చి పంపాక మా టిఫిన్ బండాయన అన్నమాట: "గిన్ని తెచ్చీసినారంటే నాకే కవరు కర్సు మిగుల్తాది బాబూ." పొడి టిఫిన్లకి సీతంపేట ఏజెన్సీ అడ్డాకులు ఉండనే ఉన్నాయి. భోజనాల్లో మాత్రం అరిటాకు బొమ్మేసిన ప్లాస్టిక్ కాగితం మీద వేడన్నం వడ్డిస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది.

అయితే అందరికీ క్యారేజీ కుదరదు. పైడిభీమవరం ఫ్యాక్టరీలకి తెల్లవారుజామున షిఫ్టు బస్సెక్కే కుర్రాళ్లు దారిలో దొరికిన పార్సిలే తినాలి. 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థాలకి పరిమితులు రాసే ఉన్నాయి. తనిఖీకొచ్చినవాళ్లు నూనె, రంగు చూడటం చూశాను, కవరు శాంపిల్ తీయడం ఒక్కసారీ చూడలేదు. ముందు ఆ కవర్ల కట్టని, టిన్ను నీళ్లని ల్యాబుకి పంపి, వచ్చిన ఫలితాన్ని ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టాలి.