స్కాట్లాండ్‌లో స్వయంపాకం

స్వయంపాకం విషయంలో మన పెద్దవాళ్లకి ఒక పద్ధతి ఉంది. పళ్లెంలో బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, రెండు అరటికాయలు, చింతపండు, బెల్లం, నెయ్యి సర్ది, పైన తాంబూలమూ దక్షిణా పెట్టి బ్రాహ్మడికి ఇస్తాం. ఆయన ఇంటికి పట్టుకెళ్లి వండుకుంటాడు. నిజానికి వండేది వాళ్లావిడ. అయినా దాన్ని స్వయంపాకం అనే అంటాం. ఈ చిన్న లొసుగు మీద శాస్త్రాలు ఎందుకో నోరు విప్పలేదు.

బ్రిటన్‌లో ఇదే ఆచారాన్ని సెల్ఫ్ కేటరింగ్ అనే పేరుతో పాటిస్తారు, అంటే సెలవులకి ఇల్లు అద్దెకి తీసుకుని వంట మనమే చేసుకోవడం. కాకపోతే రెండు సవరణలు చేసుకున్నారు. బియ్యం, పప్పు మనమే తెచ్చుకోవాలి. దక్షిణ కూడా మనమే ఇచ్చుకోవాలి, అదీ ఆరునెలల ముందు.

మేం రెడింగ్‌లో ఉంటాం. ఒక జనవరి రాత్రి మావారు లాప్‌టాప్ నా వైపు తిప్పి ఒక ఫొటో చూపించారు. స్కాట్లాండ్ పడమటి తీరం, యాపిల్‌క్రాస్ ద్వీపకల్పం. సముద్రానికి ఎదురుగా సున్నం కొట్టిన పాత రాతి ఇల్లు. వెనక కొండ, ముందు నీళ్లు, పక్కన ఏ ఇల్లూ లేదు. పిల్లల సెలవులు మొదలయ్యే జులై ఆఖరు వారానికి ఖాళీ ఉందట. "హోటల్ అయితే అమ్మకి తిండి పడదు. ఇక్కడైతే మనకి ఇష్టమొచ్చింది మనం వండుకోవచ్చు," అన్నారు.

ఇక్కడ కాస్త వ్యాకరణం మాట్లాడుకోవాలి. ఇంగ్లిషువాళ్లకి పాపం 'వుయ్' ఒక్కటే. మనకి రెండున్నాయి. వినేవాళ్లని కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేం'. మూడోది కూడా ఒకటుంది, పండితులెవరూ ఇంతవరకు గుర్తించినట్టు లేదు. మాట్లాడేవాణ్ణి వదిలేసి, వినేవాళ్లని మాత్రమే కలుపుకునే 'మనం' అది. "మనం వండుకోవచ్చు", "మనం ఇల్లు సర్దాలి", "మనం చుట్టాలకి ఫోన్ చేసి చాలా రోజులైంది" వంటి ప్రయోగాల్లో కనిపిస్తుంది. సంసారాల్లో విస్తారంగా వాడుకలో ఉంది.

కాబట్టి మనం సామాను సర్దాం. సోనా మసూరి బస్తా, కుక్కరు, పోపులపెట్టె, మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా, అత్తయ్యగారి దీపపు కుందులు, అందరికీ రెయిన్‌కోట్లు. దారిలో ఒక రాత్రి గ్లాస్గోలో ఆగి, మొత్తం దాదాపు 600 మైళ్లు. ఇంట్లో ఉన్న వంటింటిని విప్పి, 600 మైళ్లు మోసుకెళ్లి, ఇంకొకరి వంటింట్లో బిగించడాన్ని విశ్రాంతి అంటారు.

ఆ ఊరికి వెళ్లే దారి పేరు బెలఖ్ న బా. వాళ్ల గేలిక్ భాషలో పశువుల కనుమ అని అర్థం. 1822లో వేసిన దారి, 626 మీటర్ల ఎత్తుకి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. తీరం వెంట ఇంకో దారి 1970లలో గానీ రాలేదు. అప్పటిదాకా కారులో రావాలంటే ఇదొక్కటే గతి. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు రావద్దని కిందే బోర్డు ఉంది. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ రెండూ ఒకటే, అదీ ఒక కారు పట్టేంత. ఎదురుగా బండి వస్తే పక్కన వెడల్పు చేసిన చోట ఆగాలి. దారి ఇచ్చినందుకు అవతలివాళ్లు చెయ్యెత్తి మర్యాద చేస్తారు. దీనికి తోడు 2015లో ఇన్వర్నెస్ నుంచి ఉత్తర తీరం చుట్టూ 516 మైళ్ల దారికి నార్త్ కోస్ట్ 500 అని పేరుపెట్టి ప్రచారం చేశారు. అది ఈ కనుమ మీదుగానే పోతుంది, అందుకని ఎదురయ్యే ప్రతి రెండో బండీ ఇల్లంత క్యాంపర్ వ్యానే. మావారు రివర్స్ గేర్‌లో ఉన్న ప్రతిసారీ కళ్లు మూసుకున్న అత్తయ్యగారు, అవతలి డ్రైవరు చెయ్యెత్తగానే కళ్లు తెరిచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. కొండ దిగేసరికి పాతికమంది దాకా స్కాట్లాండ్‌వాళ్ల నమస్కారాలు ఆవిడ ఖాతాలో పడ్డాయి.

నాలుగింటికి ఇంట్లో అడుగుపెట్టాం. బల్లమీద ఒక పాకెట్ షార్ట్‌బ్రెడ్, ఒక పాకెట్ ఓట్‌కేకులు, ఫ్రిజ్‌లో పాలు. పక్కన లావాటి ఫోల్డర్. అత్తయ్యగారు ఓట్‌కేకు ఒకటి కొరికి, ఏకాదశి ఉపవాసానికి పనికొస్తుందని పక్కన పెట్టేశారు.

నేను తిన్నగా వంటింట్లోకి వెళ్లి సొరుగులు తీశాను. వాటిలో ఉన్నవి: ఉడికిన గుడ్డు నిలబెట్టే కప్పులు ఎనిమిది. వైన్ గ్లాసులు పదకొండు. కేకు పెట్టే స్టాండు ఒకటి. ఆల్చిప్పలు తెరిచే కత్తి ఒకటి, దాని పక్కనే కూరగాయలు తరిగే కత్తి. కిటికీలోంచి కనిపించే ఎర్రరాయి వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లని మావారు ఫోల్డర్ చూసి చదివారు. ఆ కత్తి కూడా అప్పటిదే అయ్యుంటుంది. పట్కారు లేదు. చిల్లుల గరిటె లేదు. అడుగున ఒక పెద్ద గిన్నె ఉంది. దానికి మూత లేదు.

మూత లేని గిన్నె చిన్న విషయమని మీరు అనుకోవచ్చు. అలా అనుకునేవాళ్లు మూడో 'మనం'లో లేనివాళ్లు.

అలాగని ఇంటివాళ్లని తప్పుపట్టలేం. స్కాట్లాండ్ ప్రభుత్వం ఈ ఇళ్లని గాలికి వదిలేయలేదు. అప్పటికే అద్దెలకిస్తున్నవాళ్లంతా 2023 అక్టోబరు 1 లోపు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. గ్యాస్ ఉంటే దానికి సర్టిఫికెట్, కరెంటుకి సర్టిఫికెట్, నిప్పు విషయంలో జాగ్రత్తలు, నీళ్ల పైపుల్లో లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి చేరుతుందేమోనని దానికొక పరిశీలన. పన్నుల లెక్కలో వ్యాపారంగా చూపించుకోవాలంటే ఏడాదిలో 140 రోజులు అద్దెకి సిద్ధంగా ఉంచాలి, 70 రోజులు నిజంగా అద్దెకివ్వాలి. ఇంత పటిష్ఠమైన యంత్రాంగంలో, పైపులో కంటికి కనిపించని పురుగుని వెతికే నాథుడున్నాడు గానీ, పొయ్యి మీద కళ్లెదుట కనిపిస్తున్న గిన్నెకి మూతుందా అని అడిగే నాథుడు లేడు. వంట పళ్లెం మూతేసి చేశాను. ఆవిరి వచ్చినప్పుడల్లా అది తాళం వేసింది.

కుక్కర్ అయితే ఇంకా నయం. యాపిల్‌క్రాస్ ప్రశాంతతకి పేరు. 673లో మేల్రువ అనే సాధువు ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ మఠం కట్టుకున్నాడు, అభయక్షేత్రమని దీని గేలిక్ పేరే చెబుతుంది. అలాంటి చోట మా కుక్కరు నాలుగు కూతలు కూసింది. రోడ్డు మీద పడుకున్న గొర్రెలు లేచి నిలబడ్డాయి.

పొద్దున అత్తయ్యగారు స్నానానికెళ్లి వెంటనే బయటికొచ్చారు. "అమ్మాయ్, టబ్బులోకి టీ వస్తోంది." నిజమే. ఇక్కడి నీళ్లు పీట్ అనే నాచుమట్టి నేలలోంచి ఊరి, లేత టీ రంగులో వస్తాయి, ప్రమాదమేమీ లేదని ఫోల్డర్‌లో రాశారు. అది చదివి చెబితే ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఆషాఢంలో గోదారి ఇంతకన్నా ఎర్రగా ఉంటుందిలే," అని వెళ్లి మూడు మునకలు వేశారు. ఆ ఒక్క సమస్యే సుళువుగా తీరింది. సంధ్యాదీపం తీరలేదు. జులై ఆఖర్లో అక్కడ సూర్యుడు పది కావస్తుంటే గానీ దిగడు. పొద్దు గుంకితే గానీ ఆవిడ దీపం పెట్టరు, దీపం పెడితే గానీ తినరు. రోజూ రాత్రి పదింటికి రెండో విడత వంట, మనమే.

దోమల గురించి ఎక్కువ చెప్పను. మిడ్జ్ అంటారు, మన నుసుములంతుంటాయి. కుట్టేది ఆడదేనట. ఈ సంగతి మావారు రెండుసార్లు చెప్పారు, రెండోసారి నేను చూసిన చూపుకి మూడోసారి చెప్పలేదు. గాలి వీస్తే అవి ఎగరలేవు గానీ మనం నిలబడలేం. గాలి ఆగితే మనం నిలబడగలం, అవి నిలబడనివ్వవు. ఇది బయట తిరిగేవాళ్ల సమస్య. నేను లోపలే ఉన్నాను.

మంగళవారం మాత్రం బయటికెళ్లాను. చిన్న జెట్టీ దగ్గర ఒకాయన పడవలోంచి బుట్టలు దింపుతున్నాడు. లాంగుస్టీన్లు. నారింజ రంగు ఒళ్లు, సన్నటి పొడుగాటి డెక్కలు, రొయ్యకీ ఎండ్రకాయకీ పెళ్లయితే పుట్టినట్టుంటాయి. నేను కాకినాడ పిల్లని, ఉప్పాడ రేవులో బేరమాడి పెరిగినదాన్ని. చెయ్యి ఆగలేదు. వల కాకుండా బుట్టలేసి పట్టిన సరుకు కాబట్టి ఒక్కటి కూడా నలగలేదు, మీసాలతో సహా కదులుతున్నాయి. ఇవన్నీ ఎవరు తింటారని అడిగాను. ఎక్కువ భాగం స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ పోతాయన్నాడు, బతికుండగానే, లారీల్లో.

అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. "అంటే మన బియ్యం ఆరొందల మైళ్లు ఇటొచ్చింది, వీళ్ల రొయ్య అంతకన్నా దూరం అటు పోతోంది. ఉన్నచోట ఉన్నది వండుకునేవాళ్లు ఎవరూ లేరా ఈ దేశంలో?" అన్నారు. నేను అనువాదం చేయలేదు.

ఎలా వండుతావని ఆయన అడిగాడు. చెప్పాను. ఉప్పునీళ్లలో రెండు నిమిషాలు ఉడికించి వెన్నతో తినడం తన పద్ధతని, ఎంతో జాలిగా చెప్పాడు. ఆ జాలి నామీద కాదు, రొయ్య మీద.

ఇంటికొచ్చి మసాలా నూరడానికి రోలు లేక వైన్ సీసా దొర్లించాను. నూనె కాగింది, ఉల్లిపాయ వేగింది, అల్లంవెల్లుల్లి పడింది, కారం పడింది. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లోనూ అలారాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి ఉండాలని రూలుంది. వంటింట్లో వేడిని పసిగట్టేది, హాల్లో పొగని పసిగట్టేది, మెట్ల దగ్గర ఇంకోటి. వంటింటిది పాపం నోరెత్తలేదు. కారం ఘాటు హాల్లోకి పాకగానే అక్కడిది అందుకుంది, దాంతో మిగతావన్నీ కలిశాయి, వీధిలో ఒక కుక్క మొరిగితే మిగతావి ఎందుకో తెలియకుండానే మొరిగినట్టు. మావారు తువ్వాలు పట్టుకుని హాల్లో విసురుతూ గెంతారు. ఆ వారంలో వంటకి ఆయన చేసిన సాయం అది. వేపుడు మాత్రం అద్భుతంగా కుదిరింది. అలారం మోగుతుండగానే తిన్నాం.

ఆ ఇంటి గురించి ఫోల్డర్‌లో ఒక పేజీ ఉంది. ఒకప్పుడు క్రాఫ్టర్ల ఇల్లట, అంటే కొద్దిపాటి కౌలు భూమీ చేపల వేటా కలిపి బతికిన రైతుకుటుంబం. హైలాండ్స్‌లో పందొమ్మిదో శతాబ్దంలో భూస్వాములు మంచి లోయల్లోంచి మనుషుల్ని ఖాళీ చేయించి గొర్రెల్ని దింపారు. వెళ్లగొట్టిన వాళ్లలో చాలామందికి ఇలా రాళ్లమధ్య, సముద్రం ఒడ్డున జాగా చూపించారు. వెళ్లగొట్టకూడదనే హక్కు 1886లో చట్టం వస్తే గానీ దక్కలేదు. కిటికీలోంచి సముద్రం కనిపించడం అప్పట్లో శిక్ష. ఇప్పుడు దానికి విడిగా రేటు. గొర్రెలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అద్దె కట్టడం లేదు.

శనివారం పొద్దున పదికల్లా ఖాళీ చేయాలి, నాలుగింటికి ఇంకో కుటుంబం దిగుతుంది. ఇల్లు శుభ్రం చేసేందుకు వచ్చినావిడ ముప్పై మైళ్ల అవతల నుంచి వచ్చిందట. ఈ ఊళ్లోనే పుట్టింది గానీ ఇక్కడ అద్దెకి ఇల్లు దొరకలేదంది. దొరికేవన్నీ వారాల లెక్కన ఇచ్చేవే. అంటే ఈ స్వయంపాకంలో నాకు ముందు ఒక స్వయం, వెనక ఒక స్వయం ఉన్నారు. నేను తుడిచిన పొయ్యినే ఆవిడ మళ్లీ తుడిచింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. పసుపు మరక గురించి ఆవిడ ఏమీ అనలేదు.

ఒక్క సంగతి దాచాను. మావారు వారమంతా బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, నెత్తికి దోమల వల తగిలించుకుని, ఇంగ్లిషులో ఆటర్ అనే నీటికుక్క కోసం రాళ్లమీద కూర్చున్నారు. ఈ తీరంలో నీటికుక్కలు ఉంటాయని ఫోల్డర్‌లో బొమ్మతో సహా ఉంది. ఆయనకి ఒక్కటీ కనిపించలేదు. గురువారం పొద్దున ఆరున్నరకి నేను పెద్ద గిన్నె అడుగు తోముతున్నాను. సింకు ఎదురుగా కిటికీ, అవతల రాసే దీవి, దాని వెనక స్కై దీవి మీద కూలిన్ కొండలు. పేరు కూలిన్ గానీ నిక్షేపంలా నిలబడే ఉన్నాయి. కింద నాచు పట్టిన రాళ్లమీదికి ఒకటి పాకుతూ వచ్చింది. తడి ఒళ్లు, బల్లపరుపు తల. రెండు చేతుల మధ్య ఎండ్రకాయని పట్టుకుని, చప్పుడు నాకు వినిపిస్తుందేమో అన్నంత దగ్గర్లో, కొరుక్కుని తింది. పావుగంట. నేను కొళాయి కట్టేసి చూస్తూ నిలబడ్డాను. ఎవర్నీ పిలవలేదు.

బయల్దేరేముందు మావారు అతిథుల పుస్తకం తీశారు. పాత పేజీలు తిరగేశాను. ఒక రకం చేతిరాతలో సీల్స్, సూర్యాస్తమయాలు, కొండలెక్కిన ఎత్తులు. ఇంకో రకం చేతిరాతలో, దాదాపు ప్రతి పేజీ చివరా, కత్తికి పదును పెట్టించమని. మావారు పెన్ను సరిచేసుకుని రాశారు: "అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. నీటికుక్క ఒక్కటే కనిపించలేదు."

దానికింద నేను రాశాను: "పెద్ద గిన్నెకి మూత లేదు. నీటికుక్క ఉంది."