ఆరు నెలల సాధారణ ఖైదు

మా అబ్బాయి అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. తెనాలి నుంచి మేం వచ్చి నాలుగు నెలలైంది. వీసా వాళ్లు వేసింది ఆరు నెలలు కాబట్టి, ఇంకో రెండు మిగిలాయి. "పాపం, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటున్నారు నాన్నా, ఎక్కడికైనా తిప్పుతాను" అని మొన్న శనివారం మమ్మల్ని జైలుకి తీసుకెళ్లాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డుకి రెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో ఉంటుంది ఆల్కట్రాజ్ దీవి. 1850ల్లో ఫిరంగులు పెట్టి కోట కట్టారు. శత్రువు రాలేదు. కట్టింది వృథా పోకూడదు కదా, సైనిక ఖైదీలను పెట్టారు. 1934 నుంచి 1963 దాకా దేశంలోని మొండిఘటాలన్నిటినీ ఇక్కడికే తోలారు. షికాగోని గడగడలాడించిన ముఠా నాయకుడు అల్ కపోన్ అంతటివాడు ఇక్కడ ఉత్త 85వ నంబరు.

పడవ దిగగానే బోర్డు మీద ఎర్ర రంగుతో 'ఇండియన్స్ వెల్కమ్' అని కనిపించింది. ఈ నాలుగు నెలల్లో మమ్మల్ని ఇంత ఆప్యాయంగా పిలిచినవాళ్లు లేరు. మా ఆవిడ ఫొటో కూడా దిగింది. ఆ ఇండియన్లు మనం కాదని మావాడు ఆ తర్వాత చెప్పాడు. 1969లో ఇక్కడి ఆదివాసులు ఈ నేల మాదేనంటూ వచ్చి 19 నెలలు కదల్లేదట, ఆ రాత వాళ్లది. ఊరికే వద్దు, 24 డాలర్ల విలువకి పూసలూ ఎర్రగుడ్డా ఇచ్చి కొనుక్కుంటాం అన్నారట! అంతకు చాలా ముందు, 1895లో, హోపీ తెగవాళ్లు 19 మందిని ఇక్కడ బంధించారు. నేరం: పిల్లల్ని సర్కారు బడికి పంపకపోవడం. జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి, కాసేపు అక్కడే నిలబడిపోయాను. వాళ్లు పిల్లల్ని బడికి పంపక ఇక్కడ తేలారు. మేం పంపి తేలాం.

గది ఐదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. ఇరుకే, కాదనను. కానీ గోడ అవతల ఒక మనిషి ఉన్నాడు. మా వీధిలో గ్యారేజీ తలుపులు లేచి పడటమే తప్ప మనిషి జాడ ఉండదు.

ఇక్కడి ఐదో రూలు నాకు బాగా నచ్చింది. తిండి, బట్ట, నీడ, వైద్యం నీ హక్కు, ఆపైన దొరికేదంతా దయే అని దాని సారాంశం. మొదటి మూడింటికీ మా కోడలు ఏ లోటూ చెయ్యలేదు. వైద్యం దగ్గరే ఖైదీలు మాకంటే అదృష్టవంతులు. నాకు పన్ను సలిపితే ఇంట్లో అందరికీ టెన్షన్, ఇన్సూరెన్స్ కాగితాలు బయటికొస్తాయి.

స్నానానికి వేడినీళ్లే ఇచ్చేవారట. వేడికి అలవాటుపడ్డ ఒళ్లు ఆ చల్లటి సముద్రంలోకి దూకలేదని లెక్క అంటారు. మావాడింట్లోనూ ఇరవైనాలుగ్గంటలూ వేడినీళ్లే. ఇన్నాళ్లూ ప్రేమనుకున్నాను.

అయినా 1962 జూన్‌లో ముగ్గురు పారిపోయారు. గాలి వచ్చే కన్నం చుట్టూ గోడని స్పూన్లతో తొలిచి, క్షవరం చేసిన వెంట్రుకలు అంటించిన బొమ్మ తలలు పక్కమీద పెట్టి, రెయిన్‌కోట్లతో తెప్ప కట్టుకుని వెళ్లారు.

"దొరికారా?" అంది మా ఆవిడ.

"ఇంతవరకూ లేదు."

లోపల ఏమీ తిననివ్వరు. కిందికొచ్చి, రేవు దగ్గర పులిహోర డబ్బా విప్పాం. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా తింది. తిన్నాక స్టీలు స్పూను కడిగి, కొంగుతో తుడిచి, డబ్బాలో కాకుండా తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.