మేఘం అని కొట్టాను, ఆకాశం పోయింది

పని చాలా చిన్నది. పిల్లల పత్రికలో వచ్చే కథకి ఒక బొమ్మ. గోదావరి, పడవ, పడవలో తాతా మనవడూ, పైన వాన మేఘం. గోదావరి అయింది, పడవ అయింది, తాతగారి తలపాగా కూడా అయింది. మేఘం ఒక్కటే బాకీ. సాయంత్రం ఆరింటికి పంపాలి. పొద్దున్న తొమ్మిదింటికే కూర్చున్నాను కాబట్టి బోలెడంత టైముంది. నా కొంప ముంచింది ఆ బోలెడంత టైమే.

నేను బొమ్మలు వేసేది క్రితాలో. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. స్వీడిష్ భాషలో ఆ మాటకి సుద్దముక్క అని అర్థం. పేరుకి సుద్దముక్కే గానీ వందకు పైగా బ్రష్షులు దాంతోపాటే వస్తాయి. తయారుచేసినవాళ్ళు బుద్ధిమంతులు. పేర్ల ముందు అక్షరాలు తగిలించారు. రబ్బర్లకి ఏ, పెన్సిళ్ళకి సి, ఇంకు పెన్నులకి డి. దాంతో ఏ జాతి బ్రష్షులు ఆ జాతి పక్కనే కూర్చుంటాయి. మనం వేలు పెట్టకపోతే సర్దే పనే లేదు.

నేను నాలుగేళ్ళుగా వేలు పెడుతూనే ఉన్నాను. ఫ్రీ అన్న మాట కనిపిస్తే చాలు, దించుకున్నాను. పెళ్ళి భోజనంలో వడ్డించినవన్నీ వద్దనకుండా విస్తట్లో వేయించుకున్నట్టు. ఆ రోజు లెక్క చూస్తే 1,240 తేలాయి. అందులో గడ్డి మొలిపించేవే 60. నా జన్మలో నేను వేసిన గడ్డి మొత్తం ఒక ఆవుకి ఒక పూటకి చాలదు.

మేఘాల సంగతి ఇంకా ఘోరం. మేఘం, మేఘం 2, మేఘం ఫైనల్, మేఘం ఫైనల్ కొత్తది, మేఘం ఇదే వాడు. మొత్తం పదకొండు. ‘ఇదే వాడు’ అని అంత గట్టిగా ఎప్పుడు, ఎందుకు రాసుకున్నానో గుర్తులేదు. ముందు ఇదంతా సర్దేసి, ఆ తర్వాత హాయిగా మేఘం వేద్దాం అనుకున్నాను.

సర్దడానికి ట్యాగులుంటాయి, అంటే బ్రష్షులకి తగిలించే పేరు చీటీలు. అల్మరాలో చీర ఒక అరలోనే ఉంటుంది గానీ, ఇక్కడ ఒకే బ్రష్షుని ఎన్ని ట్యాగుల్లోనైనా పెట్టుకోవచ్చు. మంచి సౌకర్యమే, మనిషికి హద్దు తెలిస్తే. మొదట ‘వాడేవి’ అని ఒకటి పెట్టాను. అందులో 400 చేరాయి. అందుకని ‘తరచూ వాడేవి’ అని ఇంకోటి. అందులో 180. చివరికి ‘నిజంగా వాడేవి’ అని పెట్టి ముప్పై మిగిల్చేసరికి కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది.

ఆ ముప్పై ఎందుకంటే, కాన్వాస్ మీద, అంటే బొమ్మ వేసే చోట, కుడి క్లిక్ కొడితే ఒక గుండ్రటి చక్రం వస్తుంది. దాని చుట్టూ మనం ఎంచుకున్న ట్యాగులోని బ్రష్షులు కనిపిస్తాయి. మామూలుగా పది. కావాలంటే ముప్పై దాకా పెంచుకోవచ్చు. నేను ఆశకి పోయి ముప్పై పెట్టాను. భోజనానికి పిలవడానికొచ్చిన అమ్మ దాన్ని చూసి, “ఒరేయ్, ఇదేంట్రా, పోపుల డబ్బాలా ఉందీ?” అంది. తర్వాత కళ్ళు చికిలించి చూసి, “ఇన్ని గిన్నెలుంటే పోపు మాడిపోతుంది కదరా” అని వెళ్ళిపోయింది.

భోజనం అయ్యాక అసలు పని, అంటే మేఘం, మొదలుపెడదామని కూర్చున్నాను. కానీ పదకొండు మేఘాల్లో ఏదీ నచ్చలేదు. సొంతంగా ఒకటి చేసుకుందామనిపించింది. ఎఫ్5 నొక్కితే బ్రష్షు పొట్ట విప్పి చూపించే కిటికీ తెరుచుకుంటుంది. కంప్యూటర్లో గీత అనేది నిజానికి గీత కాదు. పంచాయతీ ఆఫీసులో రబ్బరు స్టాంపు కొట్టినట్టు ఒకే ముద్రని టపటపా పక్కపక్కన కొట్టుకుంటూ పోవడమే. ముద్రల మధ్య ఎడం పెంచితే గీత కాస్తా పూసల దండ అవుతుంది. ఆ ఎడం, పెన్ను ఒత్తిడికి ఎంత లావు, ఎంత పల్చన, అంచు ఎంత మెత్తన... తిప్పుతూ కూర్చుంటే రెండు గంటలు ఇట్టే పోయాయి. బ్రష్షు సేవ్ చేసేటప్పుడు దానికో చిన్న బొమ్మ కూడా పెట్టుకోవచ్చు. అదీ వేశాను, ముద్దుగా ఒక నల్లమబ్బు. గోరంత సైజులో. ఆ రోజు అప్పటిదాకా నేను వేసిన మేఘం అదొక్కటే.

నాలుగున్నర. ఇక వేద్దాం. కొత్త బ్రష్షు ఎక్కడుందో 1,241 మధ్య కళ్ళతో వెతికేకంటే పేరు కొడితే నయం కదా అని వెతికే గడి చూసి, ఇంగ్లిష్ అక్షరాల్లో megham అని టకటకా కొట్టాను. గడిలో ఏమీ పడలేదు. ఎందుకు పడుతుంది, నేను ముందు గడిలో క్లిక్ చేస్తే కదా! కొట్టిన ఆరు అక్షరాలూ కాన్వాస్ మీదికి ఆజ్ఞలై వెళ్ళాయి.

ఎం కొడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. ‘ఈ’ (E) కొడితే చేతిలో ఉన్న బ్రష్షు రబ్బరైపోతుంది. జి కొడితే రంగులు పరిచే గ్రేడియంట్ పనిముట్టు చేతికొస్తుంది. హెచ్ కొడితే ఇదివరకు వాడిన రంగులు పైకొస్తాయి. చివర్లో మళ్ళీ ఎం ఉంది కాబట్టి తిరగబడ్డ పడవ బుద్ధిగా వెనక్కి తిరిగింది. గ్రేడియంట్ నా కంట పడింది. బి కొట్టి బ్రష్షుకి వచ్చేశాను. అంతా సరిచేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను. మధ్యలోని ‘ఈ’ అక్షరం మాత్రం ఎవరికీ కనబడకుండా దాక్కుంది.

ఈసారి గడిలో క్లిక్ చేసి మరీ వెతికి, బ్రష్షు పట్టుకుని కొత్త లేయర్ మీద, అంటే బొమ్మ పైన పరిచే ఖాళీ పొర మీద, గీశాను. ఏమీ రాలేదు. గట్టిగా ఒత్తి గీశాను. రాలేదు. లేయర్ మంచిది కాదేమోనని ఆకాశం ఉన్న లేయర్‌కి మారి గీశాను. మేఘం రావలసిన చోట ఆకాశం ఊడి, ఇక్కడ ఖాళీ అని చూపించే లోపలి బూడిద గళ్ళు బయటపడ్డాయి. గోదావరి మీద చదరంగం బల్ల.

రెండు గంటలు నా చేతులారా చేసిన బ్రష్షు కదా, తప్పంతా అందులోనే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. మళ్ళీ ఎఫ్5. ఎడం తగ్గించాను, ఒత్తిడి పెంచాను, అంచు మార్చాను. పెన్నుతో గీసే పలక, అదే ట్యాబ్లెట్, దాని వైరు పీకి మళ్ళీ పెట్టాను. పెన్ను ములికి కూడా మార్చాను. పాపం, అది నిన్ననే కొత్తగా వేసిన ములికి. ఐదుంబావుకి ఓపిక నశించి, ఆ బ్రష్షునీ దాని పదకొండుమంది అన్నదమ్ముల్నీ కలిపి డిలీట్ కొట్టేశాను.

అప్పుడే మా అక్క కూతురు జంతిక కొరుక్కుంటూ వచ్చింది. ఎనిమిదో క్లాసు. స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి, “మావయ్యా, ‘ఈ’ నొక్కేశావు. పైన రబ్బరు బటన్ చూడు, ఆన్‌లో ఉంది” అంది.

“నీకెలా తెలుసే?”

“వేసవి సెలవుల్లో నేను ఇలాగే ఏడుస్తుంటే నువ్వే కదా చెప్పావు. చెప్పి గంటసేపు నవ్వావు కూడా.”

‘ఈ’ నొక్కాను. గీశాను. నల్లటి గీత పడింది. కానీ మేఘాలన్నీ చెరిపేసుకున్నాను కదా! దానికీ ఆ పిల్లే దారి చూపించింది. ఇందులో డిలీట్ కొట్టినవి నిజంగా పోవు, అటక ఎక్కుతాయంతే. బ్రష్షుల్లాంటి రిసోర్సులు సర్దుకునే కిటికీలో, తీసేసినవి కూడా చూపించమని టిక్ పెడితే మళ్ళీ దించుకోవచ్చు. పన్నెండు మేఘాలూ దిగివచ్చాయి. “వీటిలో ఏది మావయ్యా?” అంది. ‘ఇదే వాడు’ వంక చూశాను. టైము ఐదూ ముప్పై ఐదు.

చివరికి క్రితాతో వచ్చిన మామూలు బ్రష్షు తీసుకుని మేఘం వేశాను. పదిహేను నిమిషాలు పట్టింది. ఆరుకి నాలుగు నిమిషాలుండగా బొమ్మ వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్ల ఇదంతా నటించి చూపించింది, నా ములికి మార్పిడితో సహా. అమ్మ అంతా విని, లోపలికెళ్ళి తన స్టిక్కర్ బొట్ల అట్టలోంచి ఎర్రటిది ఒకటి తీసుకొచ్చి, కీబోర్డు మీద ‘ఈ’ అక్షరానికి అంటించింది. “చెయ్యి తగిలితే తెలుస్తుందిరా” అంది. దాని పక్కనున్న ఆర్‌కి కూడా ఒకటి పెట్టింది. అదెందుకమ్మా అంటే, ముత్తైదువల్ని ఒంటరిగా కూర్చోబెట్టకూడదట.