నేలలోకి దిగిన మామిడికాయ

మా బావకు దామలచెరువులో మామిడి మండీ ఉంది. సీజను మొదలయ్యేలోగా చిన్న యానిమేషన్ ప్రకటన చేసిపెట్టమన్నాడు. కొమ్మ నుంచి తోతాపురి కాయ రాలాలి, బుట్టలో పడాలి. "అరగంట పని" అన్నాను. ఆ మాట అన్నది నేనే కనుక ఇంకెవరినీ తిట్టుకోవడానికి లేదు.

బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో 1వ ఫ్రేముకు కాయను కొమ్మన ఉంచాను, 24వ ఫ్రేముకు బుట్టలో, 72 దాకా అక్కడే. నడుమ దారిని బెజియర్ వంపుతో సాఫ్ట్‌వేరే పూరిస్తుంది. (పియెర్ బెజియర్ రెనో కార్ల ఇంజినీరు. కారు ఒంటి వంపుల కోసం వాడిన లెక్క మా బావ కాయకు పనికొస్తుందని ఊహించి ఉండడు.) అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకా నునుపుగా రావాలని, వంపును అటూ ఇటూ వంచే హ్యాండిళ్లను, హద్దు దాటనివ్వని 'ఆటో క్లాంప్డ్' నుంచి ఉత్త 'ఆటో'కి మార్చాను.

ఆదివారం తిరుపతిలో మా ఇంట్లో అందరి ముందూ వేశాను. కాయ రాలింది. బుట్టలో పడింది. ఆగలేదు. బుట్ట అడుగు దాటి, నేల దాటి మాయమైంది. ఖాళీ బుట్టను చూస్తూ కూర్చున్నాం. అంతలో, గొడుగు మరచిపోయి వెనక్కి వచ్చిన చుట్టంలా, కాయ మెల్లగా పైకి వచ్చింది.

"బావమరిదీ, కాయ బుట్ట అడుగు దాటి పోతే నా తూకాన్ని ఏ రైతు నమ్ముతాడు?" అన్నాడు బావ.

వంపు తీసేసి 'లీనియర్', అంటే తిన్నని గీత, చేశాను. కాయ ఒకే వేగంతో దిగి ఠక్కున ఆగింది. "రాలిందా, తాడు కట్టి దించారా?" అంది అక్క. కాన్‌స్టంట్ చేశాను. 23 దాకా కొమ్మన ఉన్న కాయ 24లో బుట్టలో తేలింది. బావ కళ్లు చిన్నవి చేసి, "నడుమ ఎవరు కోశారు?" అన్నాడు. మండీవాడి అనుమానం మండీవాడిది.

తిరుమల ఘాట్ రోడ్డులో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మా పెదనాన్న అప్పుడు కళ్లజోడు తెప్పించుకున్నారు. మొదటి వంపును మళ్లీ తెరిపించి, 24 దగ్గర వేలు పెట్టారు. "మలుపు ఇక్కడ. నువ్వు బ్రేకు వేయకుండా లోయలోకి తోలి, అక్కడి నుంచి వెనక్కి తెచ్చావురా" అన్నారు. ఆయన చెప్పినట్టే హ్యాండిళ్లు రెండు పక్కలా చదును చేశాను. కాయ వేగం తగ్గించుకుని, చాప చూసుకుని కూర్చునే పెద్దావిడలా నింపాదిగా బుట్టలో కూర్చుంది.

"రాలే కాయకు బ్రేకు ఎక్కడిది పెదనాన్నా?"

ఆయన ఆలోచించి, "అయితే అది డ్రైవరు లేని బండి" అని తేల్చారు.

హ్యాండిళ్లను విడగొట్టాను. కుడివైపుది చదునుగా, ఎడమవైపుది నిటారుగా. ఈసారి కాయ వేగం పుంజుకుంటూ వచ్చి దబ్బున పడింది, పడ్డచోటే ఉంది. అప్పటికి రాత్రి పదకొండు.

బావ ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"అంతా బాగుంది. తోతాపురికి చిలుకముక్కు ఉండాలి కదా, ఇది గుండ్రంగా ఉందేం?"