ఆరంకెలు చెబితే వచ్చేది చుక్క కాదు, గడి

ఎన్‌సీసీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ గీతల గడుల్లో ఒక చోటు ఎక్కడుందో చెప్పే అంకెలు) గురించి టెన్షన్ వద్దు. ఆరంకెలు చెబితే కచ్చితమైన పాయింట్ వచ్చేస్తుంది. ఏ అంకెలు ముందు చదివినా ఒకటే. ఫోన్లో వచ్చిన అంకెలు ఏ షీటు మీదైనా పెట్టుకోవచ్చు. అసలు జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు?" పరీక్ష ముందు ఇది నమ్మితే పిల్లలు నష్టపోతారు.

మొదటిది, పాయింట్ రాదు. 1:50,000 టోపోషీటు (కొండలు, దారులు, ఊళ్ళు వివరంగా చూపే మ్యాప్) మీద గ్రిడ్ గీతకీ గీతకీ మధ్య 2 సెంటీమీటర్లు, అంటే నేల మీద ఒక కిలోమీటరు. నాలుగంకెలు చెబితే ఆ కిలోమీటరు గడి. దాని ఒక్కో వైపునీ పది భాగాలు చేస్తే ఆరంకెలు. షీటు మీద అది 2 మిల్లీమీటర్ల గడి, నేల మీద 100 మీటర్ల చదరం. దాదాపు రెండున్నర ఎకరాలు! మీరు చెప్పిన బావి అందులో ఎక్కడైనా ఉండొచ్చు. ఆ అంకెలు గడి నైరుతి మూలవి. అందుకే బావి ఏడో భాగం దాటి ఎనిమిదికి ఎంత దగ్గరగా ఉన్నా ఏడే రాయాలి.

"ఏది ముందైనా ఒకటే" అన్నది మరీ ప్రమాదం. ముందు ఈస్టింగ్ (తూర్పుకి ఎంతో చెప్పే మొదటి మూడంకెలు), తర్వాతే నార్తింగ్ (ఉత్తరానికి ఎంతో చెప్పే మిగతా మూడు). కేడెట్‌గా ఉన్నప్పుడు క్యాంపులో నేను 436478 అని రాయాల్సింది 478436 అని రాశాను. మాకు నేర్పే ఉస్తాద్ తిట్టలేదు, స్కేలు ఇచ్చి కొలవమన్నారు. షీటు మీద దాదాపు 12 సెంటీమీటర్లు వచ్చింది. నేల మీద అది ఆరు కిలోమీటర్లు. దెబ్బ తగిలినవాడి కోసం వెళ్ళే జట్టుకి ఆ అంకెలు ఇచ్చి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు.

ఇక ఏ షీటైనా ఒకటే అన్న మాట. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌వి. డేటమ్ అంటే నేల మీది చోట్లని అంకెల్లో చెప్పడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా. ఫోన్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో డేటమ్. మన ప్రాంతంలో ఈ రెంటికీ వంద మీటర్లకు పైగానే తేడా. 2005 మ్యాప్ పాలసీతో వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే గ్రిడ్) మీద ఉంటాయి. అక్కడా జోన్ చూసుకోవాలి: అనంతపురం 43లో, విజయవాడ 44లో. పైగా ఆరంకెలు ప్రతి 100 కిలోమీటర్లకీ మళ్ళీ అవే వస్తాయి కాబట్టి షీటు నంబరు కూడా చెప్పాలి.

జీపీఎస్ మంచిదే, దానికి నెట్ కూడా అక్కర్లేదు. కానీ అది గ్రిడ్‌కి పోటీ కాదు. చాలా యాప్‌లు యూటీఎం అంకెలు కూడా చూపిస్తాయి. 436478 నుంచి 456478కి ఎంత దూరం? తూర్పుకి రెండు కిలోమీటర్లు, నోటి లెక్కే. డిగ్రీల్లో చెబితే ఆ లెక్క అంత తేలిగ్గా తేలదు.