ఎడమ చిటికెన వేలికి న్యాయం జరగాలి

కార్మిక చట్టాల మీద దేశమంతా గొంతు చించుకుంటున్నా ఒక వర్గం గోడు మాత్రం ఇంతవరకూ ఎవరి చెవినా పడలేదు. సోలో జాజ్ గిటార్ నేర్చుకునేవాళ్ల వేళ్ల గురించి నేను చెబుతున్నది. వాటికి యూనియన్ లేదు, సెలవుల్లేవు, ఓటు అసలే లేదు. ఎన్నికలప్పుడు సిరా పూస్తారు గానీ అదీ చూపుడు వేలి వరకే.

జరిగిన అన్యాయం వివరంగా చెప్పాలి. జాజ్ పాటంటే మామూలుగా బేస్‌కి, అంటే అడుగున నడిచే లావు స్వరాలకి, ఒకడు, పియానోకి ఒకడు, డ్రమ్ములకి ఒకడు, పాట ఎత్తుకోవడానికి ఒక గొంతో శాక్సఫోనో ఉండాలి. నలుగురికీ నాలుగు కవర్లు ఇవ్వాలి. 1973లో జో పాస్ అనే అమెరికన్ ఒక్క గిటార్ పట్టుకుని స్టూడియోలో కూర్చుని ‘వర్చుయోసో’ అనే రికార్డు చేశాడు. మిగతావాళ్లు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగనూ లేదు. ఇదే పని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేస్తే పొద్దున్నే హెచ్‌ఆర్ నుంచి బరువైన మెయిల్ వస్తుంది, సాయంత్రానికి టీవీలో చర్చ పెడతారు. గిటార్ మీద చేస్తే కళాఖండం అన్నారు.

అప్పటినుంచి నలుగురి చాకిరీ ఒక్కడి చేతుల మీద పడింది. బేస్ డ్యూటీ కుడి బొటనవేలిది. వాకింగ్ బేస్ అంటే బారుకు, అంటే తాళంలో ఒక చుట్టుకు, నాలుగు బీట్లు, బీటుకో స్వరం. 32 బార్ల పాట ఒక్క చుట్టు తిరిగేసరికి 128 స్వరాలు. మధ్యలో టీ బ్రేక్ కూడా ఉండదు. పియానో మనిషి చేసే పని చూపుడు వేలు, మధ్య వేలు పంచుకుంటాయి, అదీ బీటు మీద కాదు, బీట్ల సందుల్లో. ఉంగరపు వేలు పాట పాడాలి, అందరికంటే కాస్త గట్టిగా. కుడి చిటికెన వేలు మాత్రం చాలామంది చేతుల్లో ఏ పనీ ముట్టుకోదు. పక్కన నిలబడి చూస్తుంటుంది. ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

ఇక ఎడమ చేతి వైపు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఫ్రెట్లంటారు. మూడో ఫ్రెట్ మీద చూపుడు వేలు ఆరు తీగలకూ అడ్డంగా పడుకుని ఉంటుంది. మధ్య వేలు మూడో తీగ నాలుగో ఫ్రెట్ మీద. పాట స్వరం మొదటి తీగ ఐదో ఫ్రెట్‌లో ఉంది, దాన్ని చిటికెన వేలు నొక్కి పట్టింది. ఇది జీ నైన్త్ కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, అంతవరకూ బాగానే ఉంది. ఈలోగా బేస్‌కి ఒక ఫ్రెట్ కిందకి దిగాలని బుద్ధి పుడుతుంది. చూపుడు వేలు లేచి రెండో ఫ్రెట్‌కి వెళ్లాలి. అది లేచిందంటే కార్డ్ గాలికి పోతుంది, పోనివ్వండి. కానీ చిటికెన వేలు కదలడానికి వీల్లేదు. పాట స్వరం ఇంకా మోగుతూనే ఉండాలి మరి. చేతిలో అన్నిటికంటే బలహీనమైన వేలికి ఇంటి బరువంతా అప్పగించి, తక్కినవాళ్లు తలో దిక్కుకీ పోవడమే అరేంజ్‌మెంట్. ట్యాబ్ కాగితం, అంటే తీగల గీతల మీద ఫ్రెట్ల అంకెలు వేసిన నోట్సు, తీస్తే ఎక్కడ నొక్కాలో అంకె ఉంటుంది. ఎంతసేపు నొక్కాలో అది చెప్పదు.

ఈ మాట ఎత్తితే యాజమాన్యం వారు వెంటనే జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు ఫొటో బయటికి తీస్తారు. 1928లో ఆయన కారవాన్ తగలబడి ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాయి, అయినా మిగిలిన రెండిటితోనే ప్రపంచాన్ని ఊపాడు, నీకేం రోగం అని. నిజమే. కానీ ఆయన పారిస్ క్వింటెట్‌లో వయొలిన్ ఒకటి, ఇంకో రెండు గిటార్లు, ఒక బేస్ ఉండేవన్న సంగతి ఫొటోలోంచి కత్తిరించేస్తారు. వెస్ మాంట్‌గోమరీ అనే ఇంకో గిటారిస్టు కుడి చేతి బొటనవేలొక్కదానితోనే మీటేవాడు కదా అంటారు. మీటేవాడు, పక్కన ఆర్గనూ డ్రమ్ములూ పెట్టుకుని.

అసలు దారుణం ఇంకొకటుంది. జో పాస్ వాయించినదాంట్లో చాలా మటుకు అప్పటికప్పుడు చేతికి తోచింది. మర్నాడు అదే పాట వాయించమంటే ఇంకోలా వాయించేవాడు. ఆయన ఆ క్షణాన ఏదో తోచి జార్చిన ఒక స్వరాన్ని ఎవరో పుణ్యాత్ముడు చెవితో పట్టి కాగితం మీద ఎక్కించాడు. ఇప్పుడు మనం దాన్ని నెలల తరబడి, జారుడుతో సహా, బట్టీ పడుతున్నాం. అష్టావధానం వీడియో చూసి పూరణలన్నీ కంఠస్థం చేసి, పృచ్ఛకులు ఒక్కరూ లేకుండా అద్దం ముందు అవధానం చేసినట్టు ఇది. అయితే ఎంసెట్ కోచింగ్‌లో పెరిగిన జాతికి ఇందులో అంత తప్పుగా ఏమీ కనిపించదు. కీ ఇచ్చారు, ఆన్సర్ రాశాం.

ఇంత చేసి ఇంట్లోవాళ్ల ముందు వాయిస్తే, అయిపోయాక, “బాగుంది, పాట ఎప్పుడు మొదలెడతావ్?” అంటారు.

కాబట్టి సంబంధిత అధికారులకు మా విన్నపం ఒకటే. కుడి చిటికెన వేలిని తక్షణం ఎడమ చేతికి డిప్యుటేషన్ మీద పంపాలి. దానికి వైద్యపరమైన చిక్కులున్నాయంటారా, పోనీ బేస్ వాయించడానికి ఒక మనిషినైనా ఇప్పించండి. ఖజానా మీద భారం పడుతుందన్న బెంగ వద్దు. జాజ్ బేసిస్టుల మార్కెట్ తెలిసినవాళ్లనెవరినైనా అడగండి, భోజనం పెట్టి బస్ చార్జీలిస్తే చాలు వస్తారు.